పాత యింటి సామాను: కొనువారికిని, అమ్ము పంచాయతీలకును కొన్ని సూచనలు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని మన పెద్దలు ఊరక చెప్పలేదు. ఇంటిపని ఆరంభించిన గృహస్థునకు అంచనా ఒకటి, వ్యయము మరియొకటి యగుట అందరెరిగినదే. ఇసుక, ఇటుక, సిమెంటు, ఇనుము, కలప అను వీనిలో ఏ యొక్కదాని ధర పెరిగినను గోడలు కిటికీల మట్టమున నిలిచిపోవును. అట్టి సమయమున ప్రక్క వీథిలో పాత పెంకుటిల్లు పడగొట్టుచున్నారని తెలిసినచో, ఆ గుమ్మములు, ఆ దూలములు, ఆ బండలు తక్కువ ధరకు లభించునేమోయని ఆశపడుట సహజము.

ఈ ఆశ తప్పు కాదు. అయితే పాత సామాను కొనుటలో లాభపడినవారు కలరు, నష్టపడినవారును కలరు. ఈ యిరువురికిని గల భేదము అదృష్టము కాదు. మొదటివారు పరీక్షించి కొనిరి. రెండవవారు ధర విని కొనిరి. గ్రామపంచాయతీ సభ్యులు ఈ విషయమున మూడు విధములుగ పాల్గొనుచుందురు. తమ యింటికి తామే కొనువారుగ నుందురు. ఇరుగుపొరుగువారు సలహా అడుగ వచ్చినపుడు చెప్పువారుగ నుందురు. పంచాయతీ కట్టడము శిథిలమైనపుడు దాని సామానును అమ్ము బాధ్యత కలవారుగను ఉందురు. కావున ఈ విషయమును కొంత వివరముగ తెలియజేయ దలచితిమి.

పాతదైనంత మాత్రమున పనికిరానిది కాదు

గోదావరి, కృష్ణా మండలములలోని మండువా లోగిళ్ళయందును, తెలంగాణములోని పాత భవంతులయందును, రాయలసీమ మిద్దెలయందును నేటికిని చెక్కుచెదరని కలపను, రాతిని చూడవచ్చును. బర్మా దేశము నుండి ఓడలపై వచ్చిన టేకు స్తంభములు కోస్తా జిల్లాల ఇండ్లలో ఇంకను నిలిచియున్నవి. అప్పుడే కోసిన కలప ఆరుకొలది కుదించుకొనును, వంకరపోవును. దశాబ్దముల తరబడి ఇంటి కప్పు క్రింద నుండిన కలప ఈ మార్పులన్నియు ముగించుకొని నిలుకడ పొందియుండును. ఈ గుణము క్రొత్త కలపకు వెంటనే రాదు.

కేరళ రాష్ట్రమున స్థిరపడి చవకయిండ్ల నిర్మాణమునకు పేరుపొందిన వాస్తుశిల్పి లారీ బేకర్ (1917-2007) పాత సామానును వాడుటకు ఎన్నడును సంకోచింపలేదు. పడగొట్టిన ఇండ్ల తలుపులను, కిటికీలను, ఇటుకలను ఆయన క్రొత్త ఇండ్లలో కూర్చెను. కాంక్రీటు కప్పులో అడుగు భాగపు కాంక్రీటు బరువు మోయుటకు అంతగా తోడ్పడదని గ్రహించి, ఊచల నడుమ పాత మంగుళూరు పెంకులను అమర్చి పైని కాంక్రీటు పోయు పద్ధతిని ప్రచారమునకు తెచ్చెను. దీనివలన కాంక్రీటు ఆదా యగును, కప్పు బరువు తగ్గును. అయితే ఈ కప్పును ఇంజనీరు లెక్క లేకుండ మేస్త్రీ ఊహపై వేయరాదు. పాత వస్తువు పనికివచ్చుట అది ఏ చోట వాడబడునను దానిపై ఆధారపడియుండునని ఇందువలన తెలియుచున్నది.

కలపను కొనునపుడు

పాత సామానులో మిక్కిలి విలువగలది కలప. మోసమునకు ఎక్కువ తావున్నదియు కలపయే. రంగు పూసిన గుమ్మమును చూచి అది టేకని నమ్మరాదు. వెనుకవైపున, గోడకు తగులు భాగమున, వడ్రంగిచే చిన్న మేర చిత్రిక పట్టించి చూడవలెను. టేకు అయినచో లోపల బంగారు చాయ కలిసిన గోధుమవర్ణము కానవచ్చును. చేతికి కొంచెము జిడ్డుగ తగులును. తోలువాసన వంటి ప్రత్యేకమైన వాసన వచ్చును. మానులోని చేవ భాగము గట్టిది. వెలుపలి తెల్లచెక్క మెత్తనిది. చెద, పుచ్చు మొదట దానినే పట్టును. కావున తెల్లచెక్క ఎక్కువగ నున్న కలపకు చేవకలప ధర నీయరాదు.

తరువాత గుమ్మపు నిలువుకమ్ముల అడుగు భాగములను, దూలముల కొనలను చూడవలెను. నేలకు తగులుచోటను, గోడలో దాగియుండు చోటను తేమ చేరును గాన కలప అచ్చటనే ముందు చెడును. చాకు మొనను గ్రుచ్చి చూచినచో గట్టి కలపలో అది కొద్దిగనే దిగును. చెడిన కలపలో సులువుగ లోనికి పోవును. కొయ్యసుత్తితో పొడవునను కొట్టుచు వినవలెను. గట్టిచోట గణగణ ధ్వనించును. లోపల డొల్లయైనచోట బోలుశబ్దము వచ్చును. చిన్న రంధ్రములు కనబడినంత మాత్రమున కలపను వదలనక్కరలేదు. ఆ రంధ్రముల క్రింద తాజాపొడి రాలుచున్నచో పురుగు ఇంకను బ్రదికియున్నదని అర్థము. అట్టి కలపను ఇంటికి తెచ్చినచో తక్కిన కలపకును అది అంటుకొనును.

తాటి దూలముల విషయమున మరియొక జాగ్రత్త కలదు. తాటిమాను గట్టిదనము వెలుపలి నల్లని చుట్టున నుండును, లోభాగము మెత్తనిది. పాత తాటి దూలమును సన్నముగ చెక్కించి వాడదలచిన ఆ గట్టి భాగమే పోవును. అట్లే ఏ దూలమునకైనను నడిమి భాగమున గాడి కొట్టియున్నచో దానిని మునుపటి పొడవున మరల వాడరాదు. గాడి వద్ద ఖండించి చిన్న వాసములుగ వాడుకొనుట మేలు.

కలపను ఇప్పటికిని ఘనపుటడుగుల లెక్కనే అమ్ముచున్నారు. ఈ లెక్క ప్రతివారికిని తెలిసియుండవలెను. ఒక గుమ్మమునకు ఏడేసి అడుగుల నిలువుకమ్ములు రెండు, నాలుగేసి అడుగుల అడ్డకమ్ములు రెండు ఉన్నవనుకొందము. మొత్తము పొడవు 22 అడుగులు. కమ్మి వెడల్పు 5 అంగుళములు, మందము 3 అంగుళములు. 22ను 5 చేతను, 3 చేతను హెచ్చించి 144 చేత భాగించిన 2.29 ఘనపుటడుగులు వచ్చును. అమ్మువాడు మూడు ఘనపుటడుగులని చెప్పినచో మిక్కిలి మర్యాదగ కొలబద్దను అతనికి చూపవచ్చును. నిలువుకమ్ముల అడుగున అర అడుగు మేర చెడినదనుకొందము. అప్పుడు పోవునది ఆ ముక్క మాత్రమే కాదు. గుమ్మము పొట్టిదగును, తలుపును కూడ కోయవలసివచ్చును. ఈ నష్టమును బేరమునందే తగ్గించుకొనవలెను.

కొన్న కలపను కోత మిల్లునకు పంపుటకు ముందు అయస్కాంతముతో తడవి, దాగియున్న మేకులనెల్ల పెరికివేయవలెను. మేము చూచిన ఒక గ్రామమున ఒక రైతు చవకగ కొన్న దూలమును మిల్లునకు తీసికొనిపోగా, లోపలి మేకు తగిలి రంపపు బ్లేడు విరిగినది. బ్లేడు వెల అతడే ఇచ్చుకొనవలసి వచ్చినది. దూలమున మిగిలిన ఆదా అంతయు ఆ యొక్క మేకుతో పోయినది.

ఇటుకల లెక్క

పాత ఇటుకలు కొనుటకు ముందు అవి ఏ పూతతో కట్టబడినవో చూడవలెను. మనదేశమున సిమెంటు తయారీ 1914 ప్రాంతమున పోరుబందరునందు నిలదొక్కుకొన్నను, పల్లెలలో దాని వాడుక చాలకాలము తరువాతనే వ్యాపించినది. అంతకు ముందటి గోడలు సున్నపు గచ్చుతోనో, మట్టితోనో కట్టబడినవి. అట్టి గోడల ఇటుకలు తాపీ మొనతో కొట్టినంతనే శుభ్రపడును. సిమెంటుతో కట్టిన గోడలో సిమెంటు ఇటుకకంటె గట్టిగ పట్టుకొనియుండును. దానిని వదలించు ప్రయత్నమున ఇటుకయే పగులును.

ఈ భేదము ఎంత డబ్బు చేయునో ఒక ఊహాలెక్కతో చూతము. క్రొత్త ఇటుక ఇల్లు చేరువరకు 9 రూపాయలు పడునని, పాత ఇటుక 5 రూపాయలకు లభించునని, రవాణాకు ఇటుకకు రూపాయి యగునని అనుకొందము. 4,000 ఇటుకలు కొంటిమి. అవి సిమెంటు గోడలోనివైనచో శుభ్రపరచు కూలి ఇటుకకు రూపాయి పడెననియు, అయిదింట ఒకటి పగిలెననియు అనుకొందము. మొత్తము వ్యయము 28,000 రూపాయలు. పనికివచ్చినవి 3,200 ఇటుకలు. ఒక్కొక్కటి 8 రూపాయల 75 పైసలు పడినది. క్రొత్తవానికంటె మిగిలినది మొత్తముమీద 800 రూపాయలు మాత్రమే. అవే సున్నపు గోడలోనివై, కూలి అర్ధరూపాయి పడి, పదింట ఒకటి మాత్రమే పగిలినచో, వ్యయము 26,000 రూపాయలు, పనికివచ్చినవి 3,600 ఇటుకలు. అప్పుడు 6,400 రూపాయలు మిగులును. ధరలు ఊరూరికిని మారును. కాని వెల, రవాణా, కూలి, తరుగు అను నాలుగు అంకెలు వ్రాసికొనక ఏ పాత సామానును కొనరాదను నియమము మారదు.

ఇటుక మంచిదో కాదో తెలిసికొనుటకు ఇంటివద్దనే కొన్ని పరీక్షలు చేయవచ్చును. రెండు ఇటుకలను ఒకదానితో నొకటి తాకించినచో గంటవలె మ్రోగవలెను. గోటితో గీచిన గీత పడరాదు. ఒక మీటరు ఎత్తునుండి నేలపై విడిచిన పగులరాదు. చివరిగ నీటి పరీక్ష. ఆరిన ఇటుకను తూచి, ఒక దినమెల్ల నీట నానబెట్టి, మరల తూచవలెను. సాధారణపు ఇటుక పీల్చు నీరు దాని బరువులో నూటికి 20 వంతులు మించరాదని భారత ప్రమాణముల నియమము. అనగా మూడు కిలోల ఇటుక నానిన తరువాత మూడు కిలోల ఆరువందల గ్రాములకు మించరాదు. తెల్లని చౌడు పూచిన ఇటుకలను, మరుగుదొడ్ల గోడలనుండియు, పశువుల కొట్టముల క్రింది వరుసలనుండియు తీసిన ఇటుకలను ఇంటి గోడలకు వాడరాదు. వానిలోని ఉప్పు క్రొత్త పూతను కూడ రాల్చివేయును. పగిలిన ఇటుకలును, గచ్చుపెళ్ళలును వ్యర్థములు కావు. ఇంటి అరుగు లోపలి నింపుడునకు, వీథిలోని గోతుల పూడ్పునకు అవి చక్కగ ఉపయోగపడును.

పెంకులు, బండలు

మనవారు కొందరు బెంగుళూరు పెంకులని, కొందరు మంగుళూరు పెంకులని పిలుచు మరపెంకులను మంగుళూరునందు బాసెల్ మిషనువారు 1865లో తొలిసారి తయారుచేయించిరి. తరువాత అనేక కర్మాగారములు వెలసినవి. ఒక్కొక్క కర్మాగారపు పెంకు కొలత, గాడి కొంచెము భేదముగ నుండును. పెంకు అడుగున తయారీదారుని ముద్ర ఉండును. రెండు మూడు ఇండ్ల పెంకులను కలిపి కొన్నచో గాడులు పొసగక వానకాలమున ఇల్లంతయు కారును. కావున ఒకే ముద్ర గలవానిని, సాధ్యమైనంతవరకు ఒకే కప్పు పెంకులను కొనవలెను. అడుగున వాసపుబద్దను పట్టుకొను కొమ్ములు విరిగియుండరాదు. వ్రేలితో తట్టి విన్నచో వెండ్రుకవాసి పగులు కూడ బయటపడును. పైని పట్టిన పాచివలన హాని లేదు. కుచ్చుతో తోమిన పోవును. తీయుటలోను, బండిలోను కొన్ని పగులును గాన అవసరమునకంటె పదవవంతు అధికముగ కొనుట మంచిది. తుపానులు వచ్చు కోస్తా గ్రామములందు అంచు వరుసలను తీగతో వాసములకు కట్టుట మరువరాదు.

కడప బండలు, తాండూరు బండలు, బేతంచెర్ల బండలు సున్నపురాతి జాతివి. పైముఖము అరిగినను అడుగు ముఖమును నునుపు చేయించి తిరుగవేసి వాడవచ్చును. అంచులలో పొరలు విడుచున్న బండను మాత్రము తీసికొనరాదు. పాత బండల మందము సమముగ నుండదు. మందమును బట్టి వేరుచేసి ఒక్కొక్క గదికి ఒక్కొక్క రకము పరచినచో మేస్త్రీ కూలి తగ్గును.

ఎంత చవకయైనను కొనరానివి

కొన్ని వస్తువులు ఉచితముగ ఇచ్చినను ఇంటికి తేరాదు. మొదటిది పాత కాంక్రీటునుండి పెరికిన ఇనుప ఊచలు. వంగిన ఊచను సుత్తితో సాగగొట్టినచో అది తిన్ననైనట్లు కనబడును గాని దాని బలము తగ్గును. తుప్పు దాని మందమును తినివేసియుండును. అట్టి ఊచలను కప్పునకు, దూలమునకు, స్తంభమునకు వాడుట క్రింద నిద్రించు బిడ్డల ప్రాణములతో ఆటలాడుటయే. వానిని పాత ఇనుము క్రింద తూకమునకు అమ్మివేయవలెను. పాత విద్యుత్తు తీగలు, స్విచ్చులు కూడ ఇట్టివే.

రెండవది ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులు. ఆస్‌బెస్టాస్ నూలు అన్ని రకములును క్యాన్సరును కలిగించునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ నిర్ణయించినది. పాత రేకును కోసినను, తొలిచినను, పగులగొట్టినను కంటికి కానరాని నూలుపోగులు గాలిలో కలిసి ఊపిరితిత్తులలో చేరును. ఆ వ్యాధి ఏండ్ల తరువాత బయటపడును గాన కారణము ఎవరికిని తోచదు. తీయక తప్పనపుడు రేకులను నీటితో తడిపి, పగులకుండ ఒక్కటొక్కటిగ దింపవలెను. ముక్కలను పొడిచేసి బాటలపై పోయుట మిక్కిలి ప్రమాదకరము.

మూడవది రంగు విషయము. మనదేశమున ఇండ్ల రంగులలో సీసము పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదను నిబంధన 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వపు రంగులలో సీసము అధికముగ నుండి యుండవచ్చును. పాత తలుపును పొడిగ గీకినపుడు లేచు ధూళి పసిబిడ్డల మెదడు ఎదుగుదలకు హాని చేయును. కావున తలుపును తడిపి, ముక్కునకు గుడ్డ కట్టుకొని, ఇంటికి దూరముగ గీకించవలెను. ఆ పెళ్ళలను ఊడ్చి మూట కట్టవలెనే గాని కాల్చరాదు. రంగుపూసిన పాతచెక్కను వంటచెరకుగ వాడుట కూడ తగదు.

ఎవరి సొత్తు?

చవకగ వచ్చిన వస్తువు ఎవరిదని అడుగుట మర్యాద మాత్రమే కాదు, చట్టము కూడ. అమ్మువాని పేరు, ఊరు, ఏ యింటి సామాను, ఎంత వెల అను వివరములతో రసీదు తీసికొనవలెను. వాటాదారులు పలువురున్న ఉమ్మడి యింటి సామాను ఒక్కని మాటపై కొన్నచో తగవు ఇంటిలోనికి వచ్చును. టేకు మొదలగు కలపను దూరము తరలించునపుడు 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నిబంధనలు కలవు గనుక, పాత కలపయైనను అటవీశాఖ రేంజి కార్యాలయమున ముందుగ విచారించి తగిన పత్రము పొందవలెను.

ఊరిచివర శిథిలమైన కోట రాళ్ళు, దేవాలయపు స్తంభములు, చెక్కిన ద్వారబంధములు ఇంటి సామాను కావు. రక్షిత కట్టడముల రాళ్ళను తొలగించుట 1958 నాటి చట్టము ప్రకారము నేరము. నూరేండ్లు దాటిన శిల్పములు మొదలగు పురావస్తువుల క్రయవిక్రయములకు 1972 నాటి చట్టము నిబంధనలు విధించినది. అట్టివి కనబడినపుడు తహసీలుదారునకుగాని, పురావస్తుశాఖకుగాని తెలియజేయుట పంచాయతీ ధర్మము.

పంచాయతీ అమ్మునపుడు

శిథిలమైన పాఠశాల, పాత పంచాయతీ కార్యాలయము, సత్రము మొదలగువానిని పడగొట్టునపుడు సభ్యులు మిక్కిలి మెలకువతో నుండవలెను. పడగొట్టిన తరువాత పట్టిక వ్రాయుట దొంగ పోయిన తరువాత తలుపు మూయుట వంటిది. గోడ నిలిచియుండగనే గుమ్మములెన్ని, కిటికీలెన్ని, దూలముల కొలతలెంత, పెంకులెన్ని, బండలెన్ని అని లెక్కించి, ఇంజనీరుచే విలువ కట్టించి, సభలో తీర్మానించి, పట్టికను కార్యాలయపు గోడపై అంటింపవలెను. పై అధికారుల అనుమతి కావలసినచోట ముందుగనే పొందవలెను. వేలము దినమును చాటింపు వేయించి ఊరందరికిని తెలియజేయవలెను. వచ్చిన ధనము రసీదుతో పంచాయతీ నిధికి చేరవలెను. సభ్యులుగాని, వారి దగ్గరి బంధువులుగాని పాట పాడకుండుటయే శ్రేయస్కరము. పంచాయతీతో ఒప్పందమున లాభము కలిగియుండుట సభ్యత్వమునకే ముప్పు తేగలదు. ఊరివారి నమ్మకమునకు కలుగు నష్టము అంతకంటె పెద్దది.

పడగొట్టు పని కట్టిన క్రమమునకు సరిగ వ్యతిరేకముగ సాగవలెను. మొదట విద్యుత్తు తీగ తొలగించి, పిమ్మట పెంకులు, వాసములు, దూలములు, చివరకు గోడలు పైనుండి క్రిందికి తీయవలెను. గోడ మొదలు త్రవ్వి ఒక్కసారిగ కూలద్రోయుట త్వరగ ముగియునట్లు తోచును గాని, అందువలన కూలీల ప్రాణమునకు అపాయము. అమ్ముటకు ఇటుకలును మిగులవు.

పంచాయతీ సభ్యులకు మా మనవి యొకటి కలదు. కొలబద్ద, చాకు, అయస్కాంతము, తక్కెడ అను నాలుగు వస్తువులను పంచాయతీ కార్యాలయమున ఉంచుడు. ఊరిలోని అనుభవము గల వడ్రంగి, తాపీ మేస్త్రీల పేర్లను గోడపై వ్రాయించుడు. పాత సామాను కొనదలచిన పేదవాడు బేరమునకు పోవుటకు ముందు వీరిలో ఒకరిని వెంటబెట్టుకొని పోవునట్లు చేయుడు. దీనికి నిధులక్కరలేదు, ఉత్తరువులక్కరలేదు. జీవితములో ఒక్కసారి ఇల్లు కట్టుకొను కుటుంబమునకు పరీక్షింపని చవక వస్తువు తెచ్చు నష్టమును భరించు శక్తి లేదు. ఆ నష్టమును ముందుగనే నివారించుటకు ఊరిలో ఒక కొలబద్దయు, తోడు వచ్చు ఒక మంచి మనిషియు చాలును.